ఫోను అవ్వ చేతిలోనే ఉండాలి

2024 మే నెల మొదటి వారంలో ఆంధ్రప్రదేశ్‌లోని పెద్దవాళ్ల మీదికి చెప్పాపెట్టకుండా ఒక పరీక్ష వచ్చిపడింది. అంతకు ముందు నాలుగేళ్లకు పైగా, 2020 ఫిబ్రవరి నుంచి, ఒకటో తారీఖు తెల్లారేసరికి ప్రభుత్వం పెట్టిన వాలంటీర్లు గడప ముందుండేవాళ్లు. వేలిముద్ర వేయించుకుని, పింఛను డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టి వెళ్లేవాళ్లు. ఎన్నికలు దగ్గర పడగానే, మార్చి 30న, ఎన్నికల సంఘం వాలంటీర్లను డబ్బు పంపిణీకి దూరం పెట్టమంది. ఏప్రిల్ పింఛను గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర ఇచ్చారు. మే నెలకు వచ్చేసరికి మంచం పట్టినవాళ్లు, దివ్యాంగుల వంటి వారికి ఇంటి దగ్గరే ఇచ్చి, ఎక్కువమందికి మూడు వేల రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేశారు.

డబ్బు పడింది. ఏ ఖాతాలో? జన్‌ధన్ ఖాతా ఒకటి, డ్వాక్రా సంఘం కోసం తెరిచింది ఒకటి, పంట రుణానిది ఇంకొకటి ఉంటే, డబ్బు పోయేది ఆధార్‌తో జతపడిన ఖాతాకే. ఆ జత ఎప్పుడు, ఏ బ్యాంకులో పడిందో చాలామందికి గుర్తు లేదు. కొన్ని ఖాతాలు వాడక మూలబడ్డాయి. కొన్నింటిలో పడ్డ డబ్బులోంచే పాత చార్జీలు కోసుకున్నారు. రాష్ట్రమంతా మే ఎండలో పాసుపుస్తకాలు పట్టుకుని బ్యాంకుల ముందు నిలబడ్డ అవ్వాతాతల్ని ఆ వారం పేపర్లన్నీ చూపించాయి.

ఈ అధ్యాయానికి కావలసిన సంగతి అందులోనే ఉంది. ఆ పెద్దవాళ్లు టెక్నాలజీ ఎరగనివాళ్లు కారు. 2020 ఫిబ్రవరి నుంచి 2024 మార్చి దాకా లెక్కేస్తే యాభై నెలలు. ఆ నెలల్లో ఎన్నోసార్లు యంత్రం మీద వేలు పెట్టారు, ఎన్నోసార్లు ఆధార్ సర్వరు వాళ్లను గుర్తుపట్టింది. అయినా మే నెలలో మనిషి పక్కన లేకపోయేసరికి ఏం చేయాలో తోచలేదు. ఎందుకంటే ఆ పనిలో వాళ్ల వంతు బొటనవేలు ఒక్కటే. మిగతాదంతా వేరేవాళ్ల చేతిలో జరిగిపోయింది. సౌకర్యం అందింది, ధైర్యం అందలేదు.

వాలంటీరు రావడం తప్పని నేననడం లేదు. 2024 జూలై నుంచి సచివాలయ సిబ్బంది నాలుగు వేలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, అదీ మంచిదే. నడవలేని మనిషికి "మీరే నేర్చుకోండి" అని చెప్పడం ధైర్యం నేర్పడం కాదు, బాధ్యత దులుపుకోవడం. ఇంటికొచ్చే మనిషి ఉండాలి. ఆ మనిషి రాని నెలలో కూడా అవ్వ కాలూచేయీ ఆడాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

ఇక్కడ "మీరు" అంటే ముగ్గురు. ఆప్ తయారుచేసే ఇంజినీరు ఒకరు. కడప జిల్లా కమలాపురం లాంటి చోట సచివాలయంలో కూర్చునే డిజిటల్ అసిస్టెంటు ఒకరు. మూడోవారు, సంక్రాంతికి ఇంటికొచ్చి అమ్మ ఫోను సరిచేసి వెళ్లే కొడుకో కూతురో. ఏ గుర్తు ఎక్కడుండాలో, అక్షరం ఎంతుండాలో, తప్పు జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో నిర్ణయించేది ఈ మూడోవారే. కాబట్టి ఆ ఇంటికి అసలు డిజైనరు మీరే.

ప్రభుత్వం నేర్పుతుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. పల్లెల్లో కోట్ల ఇళ్లకు, ఇంటికొకరికి కంప్యూటరు, ఫోను వాడకం నేర్పడానికి 2017లో కేంద్రం పెద్ద పథకం పెట్టింది, ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అని. అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 దాకా ఉండాలన్నారు. అరవై దాటినవాళ్లు లెక్కలోకి రాలేదు. పింఛను అరవైకే మొదలవుతుంది కదా! నేర్పే బడి తలుపు మూసిన వయసులోనే ఫోను అవసరం మొదలవుతోంది. ఆ సందు పూడ్చే పని ఇంటివాళ్ల మీదే పడింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఫోనంటే భయపడే మన తాతకు బోరు మోటారు స్టార్టరంటే ఎందుకు భయం లేదు? త్రీ ఫేజ్ కరెంటుతో ఆడుకున్న చెయ్యి అది. తప్పు జరిగితే ప్రాణమే పోతుంది. అయినా ఆయనకు అక్కడ జంకు లేదు.

రాయలసీమ చేలల్లో ఒక చిన్న పెట్టె చూసే ఉంటారు. స్టార్టరు పక్కన బిగిస్తారు, లోపల ఒక సిమ్ము ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ కొడితే మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. కరెంటు వచ్చిందీ పోయిందీ కొన్ని పెట్టెలే ఫోన్ చేసి చెబుతాయి. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ "నానో గణేశ్" పేరుతో దీన్ని తెచ్చారు, తర్వాత రకరకాల కంపెనీలవి వచ్చాయి. కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే పాములకూ షాకులకూ భయపడుతూ చేనుకు నడిచిన కాలం తెలిసిన రైతు దీన్ని ఎవరూ బతిమాలకుండానే నేర్చుకున్నాడు. ఆప్ డౌన్‌లోడ్ చేయలేదు, పాస్‌వర్డు పెట్టుకోలేదు. ఫోన్ కొట్టడం ముందే తెలుసు, ఆ తెలిసినదాని మీదే కొత్త పని కూర్చుంది. పని జరిగిందో లేదో యంత్రమే తిరిగి చెబుతుంది. పొరపాటున రెండుసార్లు కొడితే మోటారు ఆగుతుంది, ఇంకోసారి కొడితే సరి.

రేడియో కూడా అట్లాంటిదే. 1963లో మొదలైన కడప ఆకాశవాణిని విన్న తరం ఇప్పుడు డెబ్బై దాటింది. మర తిప్పితే స్టేషను తప్పిపోయేది, వెనక్కి తిప్పితే మళ్లీ వచ్చేది. అందుకే రేడియో పాడవుతుందని ఎవరూ దాన్ని ముట్టుకోకుండా వదల్లేదు.

ఫోను సంగతి అట్లా కాదు. ఎక్కడో వేలు తగిలితే డబ్బు పోవచ్చు. ఫోటోలన్నీ పోవచ్చు. అన్నిటికంటే ముందు, కొడుకు తిట్టొచ్చు. "ఎన్నిసార్లు చెప్పాల మా నీకు?" అనే మాట కింద ఎంతమంది అమ్మలు టచ్ ఫోన్ పక్కన పెట్టేశారో! పెద్దవాళ్లకు తెలివి తక్కువై కాదు, తప్పు ఖరీదు ఎక్కువై వెనక్కి తగ్గుతున్నారు. ఆ ఖరీదు తగ్గించడమే డిజైనరు చేయాల్సిన మొదటి పని. నేర్పడం ఆ తర్వాత.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీని మీద ఒక పత్రం రాశాడు. "నేను చేయగలను" అనే నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నాడు: తన చేత్తో చేసి గెలవడం, తనలాంటి మనిషి చేస్తుండగా చూడడం, నమ్మిన మనిషి చెప్పిన మాట, గుండె దడ లేకుండా ఒళ్లు నెమ్మదిగా ఉండడం. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ. మన ఇళ్లలో మనం వాడేది ఎక్కువగా మూడోదాన్ని. "ఏం కాదు మా, నొక్కు" అంటాం. అదీ మొహం చిట్లించి.

రెండోదాని గురించి ఒక చిన్న పక్కదారి. గుంటూరు జిల్లా మస్తానమ్మ నూరేళ్లు దాటాక యూట్యూబులో వంటలు చేసి దేశదేశాలవాళ్లను ఆకట్టుకుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ "మై విలేజ్ షో" చానెల్‌తో పేరు తెచ్చుకుని 2020లో బిగ్ బాస్ ఇంటిదాకా వెళ్లింది. వాళ్లను చూసి మన అవ్వలు మురిసిపోయారు, నిజమే. కానీ కెమెరా పట్టింది పిల్లలు. "ఆమె చేసింది, నేనూ చేస్తా" అనిపించాలంటే ఫోను పట్టుకున్న మనిషి కూడా ఆ వయసుదే కావాలి. జపాన్‌లో మసాకో వాకమియా అనే విశ్రాంత బ్యాంకు ఉద్యోగి 81 ఏళ్ల వయసులో, 2017లో, సొంతంగా ఒక ఐఫోన్ ఆట తయారుచేసింది. బొమ్మల కొలువులో ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు గెలిచే ఆట అది. వేగం ఉన్న కుర్రాళ్లకు కాక, పాత సంప్రదాయం గుర్తున్న పెద్దవాళ్లకు మొగ్గు ఉండేలా చేసింది. జపాన్ మనకు దూరమే. మీ వీధిలో ఫోన్‌పే వాడే అరవై ఐదేళ్ల పిన్నమ్మ ఒకరుంటారు. అమ్మకు మీరు వారమంతా నేర్పేదానికంటే ఆమె ఒక పూట అరుగు మీద కూర్చుని చూపించేది ఎక్కువ. ఇద్దరి పక్కనా టీ పెట్టి మీరు తప్పుకోండి.

ఇక చేతిపనికి వద్దాం. ఇక్కడ నా నియమం ఒక్కటే: ఫోను అవ్వ చేతిలోంచి మీ చేతిలోకి రాకూడదు. "ఇట్లియ్యి, నేను చేస్తా" అన్న క్షణంలో పని అయిపోతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. మీ చేతులు వెనక్కి పెట్టుకోండి. వేలితో చూపించండి, నొక్కేది ఆమే.

అయితే ముందు సెట్టింగుల పని మీది. అవ్వ వేళ్లు కలుపు తీసినవి, కట్టెలు విరిచినవి. తెర మీద తాకిడి తెలిసేది చర్మంలోని తేమ, విద్యుత్తు వల్ల. ఎండి కాయ కాసిన వేలిని అది సరిగా గుర్తించదు. అందుకే ఆమె గట్టిగా, ఎక్కువసేపు అదుముతుంది. ఫోను దాన్ని వేరే ఆజ్ఞ అనుకుని గుర్తును పెకిలించడమో, ఇంకేదో పట్టిక తెరవడమో చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ కింద "టచ్ అండ్ హోల్డ్ డిలే" అని ఉంటుంది. దాన్ని "లాంగ్" చేయండి. అక్కడే, తెర మీద వచ్చిన సందేశం ఎంతసేపు నిలవాలో చెప్పే సెట్టింగు కూడా ఉంటుంది. రెండు నిమిషాలకు పెంచండి. తెర ఆరిపోయే సమయం కూడా పెంచండి. చదువుతుండగానే తెర నల్లబడితే తనే ఏదో చెడగొట్టాననుకుంటుంది. వేలితో తోసే పద్ధతి తీసేసి, కింద మూడు బటన్లు ఉండే పాత పద్ధతి పెట్టండి. వెనక్కి వెళ్లే బాణం గుర్తు ఎప్పుడూ కళ్ల ముందుండాలి. రేడియో మర వెనక్కి తిప్పడం అంటే అదే.

వయసు మీదపడ్డాక కంటిలో కటకం పసుపు తిరుగుతుంది, తెల్ల తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు కలిసిపోతాయి. చెవిలో ముందు తగ్గేది సన్నని కీచు శబ్దాలు వినడం, అందుకే బొంగురు రింగ్‌టోన్ మేలు. మొదటి తెర మీద నాలుగు గుర్తులు చాలు, తక్కినవి తీసి లోపల పడేయండి. పేర్లు చదవలేని మనిషికి పేరు బదులు ఫోటోలు పెట్టండి.

ఆ నాలుగు ఏవో మీరు నిర్ణయించొద్దు. కడప జిల్లాలో కువైట్‌లో మనిషి లేని ఊరు వెతకాల్సిందే. కొడుకు మొహం చూడాలని ఐమో ఆప్‌లో వీడియో కాల్ నేర్చుకున్న అవ్వకు ఎవరూ క్లాసు పెట్టలేదు. కావాలనిపించింది, నేర్చుకుంది. మొదటి పని ఆమె కోరినదే కావాలి: మనవడి మొహం, ఒంటిమిట్ట కల్యాణం, దర్గా ఉరుసు వీడియో, ఏదైనా సరే. గ్యాస్ బుకింగ్ మనకు అవసరం, ఆమెకు కాదు. అది తర్వాత.

మాట్లాడి పని చేయించుకునే దారి ఉంటే దాన్నే ముందు చూపించండి. వాట్సాప్‌లో 2013 నుంచి వాయిస్ మెసేజ్ ఉంది. తెలుగులో మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యాన్ని గూగుల్ 2017లో తెచ్చింది. "యాడికి పోతాండావు" అంటే అది కొన్నిసార్లు తడబడుతుంది. అవ్వ యాస మార్చుకోదు, మార్చుకోనక్కర్లేదు కూడా. ఇంజినీర్లకు చెప్పాల్సింది ఇక్కడే: మీ యంత్రాన్ని హైదరాబాదు ఆఫీసులో పరీక్షించి సరిపెట్టుకోకండి. కమలాపురం బస్టాండులో ఎండకు, హారన్ల మధ్య, దక్కనీ ఉర్దూ కలిసిన తెలుగులో పరీక్షించండి.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన "మన మిత్ర" ఒక విధంగా సరైన దారి పట్టింది. 9552300009 నంబరుకు వాట్సాప్‌లో పలకరిస్తే చాలు, సర్టిఫికెట్లూ బిల్లులూ అక్కడే. కొత్త ఆప్ లేదు, తెలిసిన వాకిట్లోంచే ప్రవేశం. కానీ లోపలికి వెళ్లాక జాబితాలు చదివి ఎంచుకోవాలి. చదువు రాని మనిషికి వాకిలి తెలిసినా ఇల్లు కొత్తే.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి భయం రెట్టింపవుతుంది, అవ్వాల్సిందే. ఇక్కడ నేను అడిగేది ధైర్యం చెప్పమని కాదు, నష్టానికి హద్దు పెట్టమని. మన ఊళ్లలో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు తాడు కట్టేవాళ్లు. పిల్లవాడు తన చేతులతోనే ఈదేవాడు, మునిగేంత లోతుకు మాత్రం తాడు పోనిచ్చేది కాదు. పింఛను పడే ఖాతాను యూపీఐకి కలపకండి. వేరే ఖాతా తెరిచి రెండు వేలు మాత్రం వేసి, దాన్ని కలపండి. లేదా యూపీఐ లైట్ పెట్టండి. 2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు దాని హద్దును ఒక్కో చెల్లింపుకు వెయ్యికీ, మొత్తం నిల్వకు అయిదు వేలకూ పెంచింది. పిన్ను అడగదు. ఫోను పోతే పిన్ను లేకుండా పోగలిగేది మామూలుగా ఆ నిల్వే. టచ్ ఫోనే వద్దనే తాతకు బటన్ ఫోన్ నుంచే డబ్బు పంపే యూపీఐ 123పే 2022 మార్చి నుంచి ఉంది.

మొదటి చెల్లింపు ఒక్క రూపాయి. అదే గదిలో ఉన్న మనవడికి పంపమనండి. పడిందని వాడి ఫోనులో చూపించాలి. వాడు తిరిగి పంపాలి. మరుసటి రోజు అంగడికి తీసుకెళ్లండి, సౌండ్ బాక్సు ఉన్న అంగడికే. అవ్వ కట్టిన పది రూపాయలు ఆ పెట్టె అందరికీ వినబడేలా తెలుగులో చెబుతుంది. నిజానికి ఆ పెట్టెను చేసింది అంగడివాడి కోసం. కట్టినవాళ్ల ఫోనులో ఒక పచ్చ గుర్తు, ఒక చిన్న మోత, అంతే. కట్టిన మనిషి ఫోను కూడా "పది రూపాయలు ఫలానా అంగడికి పోయినాయి" అని నోరారా చెబితే ఎంతమందికి గుండె దిగుతుందో ఆప్‌లు చేసేవాళ్లు ఆలోచించాలి.

మోసాల గురించి పెద్దవాళ్లను భయపెట్టి వదిలేయడం మనకు అలవాటు. పది హెచ్చరికలు చెబితే ఏదీ గుర్తుండదు. రెండే చెప్పండి. మొదటిది, డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను అడిగారంటే డబ్బు పోతోందని. రెండోది, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించేవాడు పోలీసు కాడు. అరెస్టు వీడియో కాల్‌లో జరగదు. ఫోన్ పెట్టేయడం మర్యాద తప్పడం కాదని కూడా చెప్పాలి. ఎదుటివాడు మాట్లాడుతుండగా పెట్టేయడానికి మొహమాటపడే తరం అది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరును ఫోటోతో సహా మొదటి తెర మీద పెట్టండి. పింఛను, వైద్యం, వేధింపుల వంటి మాటలకు పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

హెచ్చరికకూ డిజైనుకూ తేడా చూడాలంటే ఒక ఉదాహరణ చాలు. మనుషుల మధ్య "నాకు డబ్బు పంపు" అని యూపీఐలో అడిగే కలెక్ట్ రిక్వెస్టుతో చాలామంది మోసపోయారు. ఏళ్లతరబడి "జాగ్రత్త" అని చెబుతూ వచ్చారు. చివరికి 2025లో ఎన్‌పీసీఐ ఆ సదుపాయాన్నే నిలిపేయమని బ్యాంకులకు చెప్పింది. గుంతను పూడ్చేశాక బోర్డుతో పనేముంది.

వేలిముద్రలు పడకపోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది అవ్వ మనసులో తన తప్పుగా నిలిచిపోతుంది. చాకిరీతో గీతలు అరిగిపోతాయి, ఎండకాలం చర్మం పొడిబారుతుంది. యంత్రం చదవలేకపోయింది. అంతే తప్ప అవ్వ "సరిగా పెట్టలేదు" కాదు. సిబ్బంది ఆ మాట ఆ విధంగానే అనాలి. చెయ్యి కడిగి, తుడిచి, కాస్త నూనె రాసి తుడిచేసి, మరో వేలు పెట్టించండి. కాకుంటే కన్నో మొహమో. రిటైరైన ఉద్యోగ పింఛనుదార్ల డిజిటల్ జీవన ప్రమాణ పత్రం 2014 నవంబరులో వేలిముద్రతో, కంటిపాపతో మొదలైంది. 2021 నవంబరు నుంచి మొహం చూపించి ఇంట్లో ఫోను నుంచే ఇచ్చే వీలు వచ్చింది. వాకిట్లో ఎండకు ఎదురుగా కాకుండా నీడన, వెలుతురు మొహం మీద సమంగా పడే చోట కూర్చోబెట్టండి. ఫోను మీరు కాదు, ఆమే పట్టుకోవాలి.

ఆప్‌లు చేసేవాళ్లకు మరో మాట. ఓటీపీ వచ్చిన సందేశం చూడడానికి ఆప్ వదిలి వెళ్లి, ఆరు అంకెలు మనసులో పెట్టుకుని, తిరిగొచ్చేలోగా గడువు తీరిపోతుంది. ముప్పై ఏళ్లవాడికే అది చిరాకు. గడువు పెంచండి. గడువు తీరినా అప్పటిదాకా నింపినది చెరిపేయకండి. అప్‌డేట్ పేరుతో బటన్ల చోట్లు మార్చకండి. కళ్లు మసకబారిన మనిషి చదివి నొక్కదు, చోటు గుర్తుపెట్టుకుని నొక్కుతుంది. బటను అంగుళం జరిగితే నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంట్లో ఆ ప్రమాదం ఫోను మార్చినప్పుడు వస్తుంది. దసరా ఆఫరులో కొత్త ఫోను తెచ్చి చేతిలో పెట్టి, పాతది ఎక్స్‌ఛేంజ్‌కు ఇచ్చేస్తాం. వీలైతే అదే కంపెనీది కొనండి. అవే నాలుగు గుర్తులు, అవే చోట్లలో, అదే రింగ్‌టోన్‌తో, వెనక అదే దేవుడి బొమ్మతో పెట్టండి. సిమ్ము మార్చగానే అంగట్లోనే కువైట్‌కు మొదటి కాల్ అవ్వ చేతే చేయించండి. పాత ఫోను నెలరోజులు బీరువాలో ఉండనీయండి, ఏ ఫోటో రాలేదో, ఏ నంబరు తప్పిపోయిందో ఆమె అడుగుతుంది.